ఈ క్రీడలకు మైదానం అవసరం లేదు

తెలుగు అక్షరాల్లో ‘ఈ’ అంత అమాయకమైనది మరొకటి లేదని ఇరవై ఆరేళ్లు నమ్మాను. ‘ఈ నెల’, ‘ఈ కార్యాలయం’, ‘ఈ విషయమై’ అంటూ ముందు నిలబడి వేలు చూపిస్తుంది, అంతే. ఎవరి జోలికీ పోదు. అలాంటి అక్షరం పదిమంది ఆడపిల్లల్ని కుర్చీలకు కట్టి చైనా దాకా తీసుకుపోతుందనీ, మా ఊరి బేళ్ల గ్రౌండుకు తాళం వేయిస్తుందనీ ఎవరైనా చెప్పి ఉంటే, వారిని వైద్య పరీక్షకు పంపాలని ఫైలు పెట్టి ఉండేవాణ్ణి.

నా పేరు గోపీనాథం. జిల్లా క్రీడాభివృద్ధి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. మా ఆఫీసులో ఆటలు తప్ప అన్నీ జరుగుతాయి. ఆటలు జరిగేది అర కిలోమీటరు అవతల బేళ్ల గ్రౌండులో. పూర్వం పొగాకు బేళ్లు దింపిన చోటు కనుక ఆ పేరు. గట్టిగా వాన పడితే ఇప్పటికీ ఆ నేలలోంచి పొగాకు వాసన వస్తుంది. అక్కడ ప్రతి సాయంత్రం షేక్ మస్తాన్‌బీ అనే కోచ్ నలభై మంది ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. ఆడపిల్ల పరుగెత్తితే ‘ఎక్కడికే అంత తొందర?’ అని ఎవరూ అడగని చోటు మా ఊళ్లో అదొక్కటే.

ఆ గ్రౌండులో రెండు లైట్లు కావాలని మస్తాన్‌బీ మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. ‘కబడ్డీ, ఖోఖో క్రీడలు - మైదానం - లైట్ల గురించి’ అన్న విషయంతో తాజా అర్జీ వచ్చిన రోజునే రాజధానిలోని ప్రధాన కార్యాలయం నుంచి ఇంకో కాగితం వచ్చింది. దానిలోనూ క్రీడలు, మైదానం అన్న మాటలు ఉన్నాయి కనుక రెంటినీ ఒకే ఫైల్లో, ఒకదానిమీద ఒకటి పెట్టాను. ఇందులో నా తప్పేమైనా ఉంటే అంతవరకే.

అసలు సంగతేమిటంటే, చైనాలోని ఒక మహానగరం కంప్యూటర్ ఆటల పండగ చేస్తూ మన రాష్ట్రం నుంచి ఒక స్నేహ జట్టును పిలిచింది. వాటిని ఇంగ్లీషులో ఈ-స్పోర్ట్స్ అంటారు. కార్యాలయ వ్యవహారాలన్నీ తెలుగులోనే నడవాలన్న నియమం ప్రకారం పైవాళ్లు ‘ఈ-క్రీడలు’ అని శుభ్రంగా అనువదించారు. కానీ మా కంప్యూటర్లో ఫాంటు మార్చగానే అక్షరాల మధ్య అడ్డగీతలు ఎగిరిపోతాయి. దాన్ని బాగు చేయించే ఫైలు ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. చివరికి సారు బల్లమీదికి వెళ్లిన కాగితం ఇలా ఉంది:

‘ఈ క్రీడలకు మైదానం అవసరం లేదు. క్రీడాకారులు కుర్చీలలో కూర్చుండి ఆడవలెను. ఆట ముగియకముందే కుర్చీ నుండి లేచినచో ఓటమిగా పరిగణించబడును. ఈ క్రీడలలో ప్రావీణ్యం గల పదిమందిని, ఒక శిక్షకుని, ఇద్దరు అధికారులను చైనాకు పంపవలసినదిగా కోరడమైనది.’

మా సారు విశ్వమోహన్ గారు జిల్లా క్రీడాధికారి. ఆటల శాఖకు వచ్చేముందు మత్స్యశాఖలో చేశారు. ‘ఇద్దరు అధికారులు’ అన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి, ఆ తర్వాత మిగతాది చదివారు.

“గోపీనాథం గారూ, ఈ క్రీడలు అంటే ఏ క్రీడలు?”

“‘ఈ’ అంటే దగ్గరున్నవి సార్.”

“ఈ కాగితానికి దగ్గరున్న కాగితం ఏది?”

తిప్పి చూశాం. మస్తాన్‌బీ అర్జీ.

“కబడ్డీ. స్పష్టంగానే ఉంది” అన్నారు సారు.

“కూర్చుని కబడ్డీ ఎలా ఆడతారు సార్? పైకి ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా?”

“అడిగితే మనకు తెలియదన్న సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.”

నాకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో అనుమానం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. రెండు రోజులు సెలవు పెట్టాను.

తిరిగి వచ్చేసరికి నియమాల కమిటీ కూర్చుని ఉంది. కుర్చీ కబడ్డీలో ఎదుటి ఆటగత్తె కాలు పట్టుకుంటే ఔటా, కుర్చీ కాలు పట్టుకుంటే ఔటా అని రెండు గంటలు చర్చ జరిగింది. ‘మనిషివి రెండు, కుర్చీవి నాలుగు, వెరసి ఆరు కాళ్లలో దేనిని పట్టుకున్ననూ ఔటుగా భావించవలెను’ అని తీర్మానమైంది. మస్తాన్‌బీ లేచి నిలబడింది.

“కూర్చోని కబడ్డీ ఏంది సార్? కూత పెట్టి పరిగెత్తబట్టే అది కబడ్డీ అయింది. అందరూ కుర్చీల్లో కూర్చుంటే అది బస్టాండు.”

“మీరు మార్పును స్వాగతించాలమ్మా. చైనా స్వాగతించింది.”

“చైనావోళ్లు కూర్చోని కబడ్డీ ఆడతన్నారని మీకెవురు చెప్పారు సార్?”

“ప్రభుత్వం చెప్పింది” అన్నారు సారు. దాంతో కమిటీకి టీలు వచ్చాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ తర్కం ఒకసారి మొదలైతే మా ఆఫీసులో దాన్ని ఆపే నాథుడు లేడు. ఈ క్రీడలకు మైదానం అవసరం లేదు. బేళ్ల గ్రౌండు మైదానం. కనుక బేళ్ల గ్రౌండు అవసరం లేదు. వారం తిరక్కుండా దానికి తాళం పడింది. లోపల ‘ఈ క్రీడా భవనం’ కడతామని శిలాఫలకం నాటారు. ‘ఇకపై ఈ క్రీడలన్నియు కార్యాలయ ఆవరణలోనే జరుగును’ అని సారు సంతకంతో ఉత్తర్వు వెలువడింది. దాన్ని టైపు చేసింది నేనే. ప్రతి ఉత్తర్వుకూ ఎవరో ఒకరు టైపు చేసేవాళ్లుంటారు, వాళ్లకు రాత్రి నిద్ర కూడా పడుతుంది. నాకు పట్టింది.

మస్తాన్‌బీ సారు గదికి వచ్చింది. ఈసారి కోపంగా లేదు, నాకది ఇంకా భయమనిపించింది.

“నలభై మంది పిల్లలు సార్. గేటు కాడ నిలబడి చూసి పోతన్నారు. ఇద్దరికి అప్పుడే ఇంటికాడ ‘ఇంక ఆటలు చాల్లే’ అన్నారంట. నెల రోజులు ఇట్టాగే ఉంటే నలభైలో నలుగురు కూడా మిగలరు.”

సారు కొంచెం మెత్తబడ్డారు. “సరే. చైనాలో ఈ క్రీడలు ఆడేవారికి మైదానం ఉన్నట్టు ఒక్క ఆధారం, ముద్రతో సహా తెచ్చి చూపించు. తాళంచెవి నీ చేతిలో పెడతాను.”

ఆ మాట కోసమే ఆవిడ చైనాకు ఒప్పుకుంది.

పాస్‌పోర్టులు పద్దెనిమిది రోజుల్లో వచ్చాయి. లైట్ల అర్జీ మాత్రం ఉన్నచోటే ఉంది. ఫైలు మొత్తాన్ని సంచిలో పెట్టుకుని, రెండో అధికారి లెక్కలో నేను కూడా విమానం ఎక్కాను. ఆ నగరం పేరు నాకు పలకడం రాదు. సారు మూడు రకాలుగా పలికారు, మూడూ కాదన్నారు. మాకు తోడుగా లిన్ అనే ఆవిడను ఇచ్చారు. అక్కడి కంప్యూటర్ ఆటల జట్టు ఒకదానికి ఆవిడ కోచ్. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది, నేను దాన్ని మావాళ్లకు తెలుగు చేస్తాను.

బస ఎదురుగా పెద్ద పార్కు. పొద్దున్నే కిటికీలోంచి చూస్తే ఊరు ఊరంతా అక్కడే ఉంది. ముసలమ్మలు వరసలు కట్టి పాటకు చేతులు తిప్పుతున్నారు. ఒక పెద్దాయన బిందెంత బొంగరాన్ని కొరడాతో కొట్టి తిప్పుతున్నాడు. సిమెంటు బల్లల మీద టేబుల్ టెన్నిస్ సాగుతోంది. నలుగురు నడివయసు వాళ్లు ఈకల గుత్తిని కాళ్లతో ఎగరేసుకుంటున్నారు. మా జట్టు కెప్టెన్ ఝాన్సీకి పదహారేళ్లు. కిటికీకి ముఖం ఆనించి చాలాసేపు చూసింది.

“ఇంత పెద్దోళ్లు ఆడుకుంటన్నారు మేడమ్. ఎవురూ ఏం అనట్లేదు” అంది మస్తాన్‌బీతో.

పోటీలు జరిగే హాలు చూస్తే మతి పోయింది. వేలమంది జనం, చేతుల్లో వెలిగే కర్రలు. నడుమ వేదిక మీద అటు ఐదుగురు, ఇటు ఐదుగురు కుర్రాళ్లు వెడల్పాటి కుర్చీల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. వేళ్లు తప్ప ఏదీ కదలడం లేదు. పైన సినిమా తెరంత తెరమీద మాత్రం ఖడ్గాలు, మంటలు, రెక్కల గుర్రాలు. గుర్రం పడినప్పుడల్లా జనం ‘జియాయో! జియాయో!’ అని హోరెత్తిపోతున్నారు.

నేను సారు చెవి దగ్గరికి వంగాను. “సార్, వీళ్లు కంప్యూటర్లలో ఆడుతున్నారు. మనం పొరపాటున...”

“అది వాళ్ల పద్ధతి. కుర్చీలు ఉన్నాయా లేదా?”

“ఉన్నాయి సార్.”

“మైదానం ఉందా?”

“లేదు సార్.”

“మరి?” అన్నారు సారు. ఆ తర్వాత జియాయో అంటే ఏమిటని లిన్‌ను అడగమన్నారు. మాటకు మాటగా చూస్తే ‘నూనె పొయ్యి’ అని, ఇంకా గట్టిగా ఆడమని దాని భావమని ఆవిడ చెప్పింది. మొదటి సగం తెలుగు చేసేసరికే సారు నోటుపుస్తకంలో రాసుకున్నారు: ‘ఈ క్రీడలలో నూనె ప్రేక్షకులే సరఫరా చేయుదురు.’

మాది ఏ ఆటో లిన్‌కు ఎంతకీ అర్థం కాలేదు. అయినా అతిథుల ముఖాన కాదనలేక, తుది పోటీకి ముందు పావుగంట సమయం ఇచ్చారు. ఆ నగర క్రీడా సంఘం ఉపాధ్యక్షుడు మైకు అందుకుని, “ప్రాచీన క్రీడను కుర్చీలోకి ఆహ్వానించిన మీ సృజనాత్మక కృషిని మా సంఘం లోతుగా అధ్యయనం చేస్తుంది” అన్నాడు. సారు కళ్లు చెమర్చాయి. దేశం ఏదైనా ఆ భాష మాత్రం ఒకటే.

మా పిల్లలు కూర్చున్నారు. మేం సాధన చేసింది కదలని ప్లాస్టిక్ కుర్చీల్లో. అక్కడివి చక్రాల కుర్చీలు. నడుముకు బెల్టులు బిగించారు. ఝాన్సీ ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ కూతకు బయల్దేరింది. కాలితో నేలను తన్నితే కుర్చీ ముందుకు పోకుండా గుండ్రంగా తిరిగింది. జనం మర్యాదగా నవ్వారు. ఆ పిల్ల మళ్లీ తన్నింది, మళ్లీ తిరిగింది. కూత మాత్రం ఆపలేదు. నాలుగోసారికి గొంతు జీరపోయింది. నేను ఫైలును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అప్పుడు ఝాన్సీ బెల్టు విప్పేసింది. లేచింది. ఒక్క అంగలో గీత దాటి, ఇద్దరిని తాకి, మూడో పిల్ల చేతులు చాచేలోగా ఆమె కుర్చీ మీదుగా దూకి, వెనక్కి వచ్చి నిలబడింది. అంతా కలిపి ఆరు సెకన్లు. హాలు హాలంతా పైకప్పు ఎగిరిపోయేలా జియాయో అని అరిచింది. వాళ్లకప్పుడు అర్థమైంది మాది ఏ ఆటో.

సారు లేచి చెయ్యెత్తారు. “కుర్చీ నుండి లేచినది. ఓటమి.”

ఝాన్సీ వెనక్కి వచ్చి కూర్చుని, తనే బెల్టు పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున లిన్ మమ్మల్ని తమ క్లబ్బు చూడటానికి పిలిచింది. సారు మాత్రం నిద్ర లేవలేదు. భవనం వెనక్కి తిరగగానే మస్తాన్‌బీ నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. ఎదురుగా మైదానం. ముందురోజు వేళ్లు తప్ప ఏమీ కదపని ఆ కుర్రాళ్లే దాని చుట్టూ చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుతున్నారు.

“మావాళ్లు రోజుకు తొమ్మిది గంటలు కూర్చుంటారు. అందుకే పొద్దున్నే ఆరు కిలోమీటర్లు పరిగెత్తిస్తాం. పరిగెత్తని వాడికి ఆరోజు కుర్చీ ఇవ్వం” అంది లిన్.

“మైదానం లేకపోతే?” అని అడిగింది మస్తాన్‌బీ నా ద్వారా.

“మైదానం లేకపోతే జట్టే లేదు.”

“ఆ మాట కాయితం మీద రాసి ముద్దరేసి ఇమ్మని అడుగు సారూ, నీకు పుణ్యముంటుంది!”

లిన్ అప్పటికప్పుడు రాసి, గుండ్రటి ఎర్ర ముద్ర వేసి ఇచ్చింది. ఈలోగా మా పిల్లలు గడ్డిమీద చెప్పులు వరసగా పేర్చి గీత చేశారు. ఆ కుర్రాళ్లు ఐదుగురూ ఆటకు వచ్చి, ఐదు కూతల్లో ఐదుగురూ పడ్డారు. పడినవాడల్లా నవ్వుతూ లేచి మళ్లీ వచ్చాడు. “ఇంత బాగా దూకే పిల్లల్ని మీరెందుకు కూర్చోబెట్టారు?” అని లిన్ నన్ను అడిగింది. నాకు ఇంగ్లీషు సరిగా రానట్టు నవ్వాను.

మేం ఊరికి వచ్చేసరికి చక్రాల కుర్చీలో గిరగిరా తిరిగే ఝాన్సీ ఫొటో మాకంటే ముందే వచ్చేసింది. పేపర్లన్నీ నవ్వాయి. ప్రధాన కార్యాలయానికి అప్పుడు తెలిసింది, అడ్డగీత పోయిందని. పోయిన గీత ఎవరి బాధ్యత అన్నది తేల్చడం కష్టం. అందుకని ఇంకెప్పుడూ ఇలాంటిది జరగకుండా ఒక సర్క్యులర్ ఇచ్చారు: ‘ఇకపై కార్యాలయ పత్రాలలో క ‘ఈ’ అక్షరం ఎక్కడ కనిపించినను అది ఎలక్ట్రానిక్ అని మాత్రమే అర్థం చేసుకొనవలెను.’ ఇందులో ‘క’ ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నూట పన్నెండు ప్రతులు తీసి అన్ని కార్యాలయాలకూ పంపింది నేనే. చదవలేదు. పంపే కాగితాన్ని చదివే ఆచారం మా శాఖలో లేదు.

దాని ఫలితాలు వెంటనే కనిపించాయి. మా అటెండరు సుబ్బారాయుడు ‘ఈ ఉద్యోగికి జ్వరము’ అని సెలవు చీటీ రాస్తే, ఎలక్ట్రానిక్ ఉద్యోగికి జ్వరం రాదని తిప్పి పంపారు. ‘ఈ భోజనశాలలో పురుగులు’ అన్న ఫిర్యాదును కంప్యూటర్ వైరస్ విభాగానికి బదిలీ చేశారు.

అవేవీ నా చెవిన పడకముందే, అదే వారంలో నేను జీవితంలో మొదటిసారి ఒక ఫైలును మనసు పెట్టి రాశాను. ఆధారం చేతికిస్తే కుదరదు, ఫైలు ద్వారా రావాలని సారు అన్నందున, లిన్ ఉత్తరాన్ని తెలుగు చేసి జతపరిచి, కింద నా చేత్తో నోట్ పెట్టాను: ‘మైదానం తప్పనిసరి అని చైనా వారే ధ్రువీకరించినందున, కబడ్డీ బాలికలకు ఈ మైదానమును వెంటనే ఇవ్వవలసినదిగా ప్రార్థన.’ మస్తాన్‌బీకి చదివి వినిపించాను. ఆవిడ రెండు చేతులూ జోడించింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

తొమ్మిది రోజుల్లో మంజూరైంది. మా శాఖ చరిత్రలో అంత త్వరగా ఏదీ మంజూరు కాలేదు. అప్పుడే నేను అనుమానపడాల్సింది.

ఆఫీసు హాల్లో గోడకు పెద్ద టీవీ బిగించారు. సారు రిబ్బను కత్తిరించారు. తెరమీద పచ్చటి మైదానం బొమ్మ వెలిగింది, గీతలతో సహా. దూరంగా రెండు లైట్లు కూడా ఉన్నాయి.

“ఈ మైదానం! ఎలక్ట్రానిక్ మైదానం! రాష్ట్రంలోనే మొదటిది” అన్నారు సారు. “వానకు తడవదు. దుమ్ము లేవదు. అమ్మా మస్తాన్‌బీ, పిల్లల్ని తీసుకొచ్చి చూపించుకో.”

ఆవిడ తెరవైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. బయటికి వచ్చాక, మెట్ల మీద నెమ్మదిగా అంది:

“‘ఈ’ అని ఎందుకు రాశావు సారూ? ‘మా’ అని రాస్తే సరిపోయేది గదా.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను నేను ఎన్నోసార్లు ఇతరుల మీద వాడాను. ఆ రోజు నా మీద నేను వాడుకున్నాను. ఇంటికి వెళ్లకుండా ఫైలు ముందేసుకుని, మొదటి కాగితం నుంచి ప్రతి అక్షరమూ చదివాను. ఒక చోట ఆగాను. ఆ కాగితానికి నకలు తీసి మస్తాన్‌బీకి ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఆఫీసు ముందు కార్లు నిలిపే చోట నలభై మంది ఆడపిల్లలు దిగారు. ముగ్గుపిండితో కోర్టు గీశారు. సారు కారు సరిగ్గా నడిమి గీత మీద ఉంది. అటు సగం, ఇటు సగం. ఝాన్సీ కారును చుట్టి కూతకు బయల్దేరింది. పిల్లలంతా ఒక్క గొంతుతో “నూనె పొయ్యి! నూనె పొయ్యి!” అని అరుపు అందుకున్నారు. పక్కనున్న రిజిస్ట్రారాఫీసు జనం పనులొదిలేసి గోడెక్కారు.

సారు పరుగున మెట్లు దిగారు. “ఏమిటిది? ఎవరిచ్చారు అనుమతి?”

“మీరే సార్” అని ఫైలు తెరిచి చూపించాను. “‘ఈ క్రీడలన్నియు కార్యాలయ ఆవరణలోనే జరుగును.’ ఈ క్రీడ అంటే కబడ్డీ అని దానికి ముందు పేజీలో మీ నిర్ణయం ఉంది. రెంటికీ రద్దు ఉత్తర్వు రాలేదు.”

“ఇక్కడ మైదానం లేదు కదయ్యా!”

“ఈ క్రీడలకు మైదానం అవసరం లేదు సార్.”

సారు ఫైలును మూడుసార్లు తిరగేశారు. పిల్లలు ఆపలేదు. ఆ రోజు కారు ఆరున్నర దాకా కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. మూడో రోజు జనం పిల్లలకు సోడాలు పట్టుకొచ్చారు. ఒకాయన తన కూతుర్ని కూడా తీసుకొచ్చి వరసలో నిలబెట్టాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడున్నరకు సుబ్బారాయుడు నా బల్ల దగ్గరికి వచ్చి, గుప్పిట తెరిచి బేళ్ల గ్రౌండు తాళంచెవి చూపించాడు.

“సారు ఇమ్మన్నాడు. నాలుగు కాకముందే ఆళ్లని అటు పంపియ్యమన్నాడు.”

మస్తాన్‌బీ తాళంచెవి అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది. “ఉత్తర్వు ఏది? రేపు మళ్లీ తాళం ఏస్తే ఏం చూపించాలి?” అంది.

నేను అలవాటుగా పెన్ను తీశాను. తెల్లకాగితం ముందుకు లాక్కున్నాను. మొదటి మాట ‘ఈ’ అని పడబోయింది. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను.

“వద్దమ్మా. మళ్లీ తాళం వేస్తే మళ్లీ ఇక్కడికే రండి” అన్నాను.

పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని గ్రౌండు వైపు పరుగెత్తారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రాయకుండా పూర్తిచేసిన పని అదొక్కటే.